పంటిని చెక్కకుండా కాపాడవచ్చని తెలిసినా డ్రిల్ ఎందుకు ఆగడం లేదు?

సారాంశం

పిప్పిపంటిని తొలిదశలోనే గుర్తించి, వీలైనంత తక్కువ పంటిని తొలగించి చికిత్స చేసే ‘కనీస జోక్య’ పద్ధతిని ప్రపంచ దంతవైద్య సమాఖ్య 2002లోనే తన విధానంగా ఆమోదించింది. వివిధ దేశాల్లో జరిగిన సర్వేల్లో దంతవైద్యులు ఈ పద్ధతి పట్ల సుముఖంగానే ఉన్నారు. అయినా పంటి పైపొర ఎనామెల్ దాటని పిప్పికి కూడా ప్రతి అయిదుగురిలో ఒకరు డ్రిల్ పడతామనే చెబుతున్నారు. ఈ తేడాకు తెలియకపోవడం కంటే కాలేజీ శిక్షణ, ఫీజుల తీరు, నింద మీద పడుతుందన్న భయం, రోగుల అంచనాలే పెద్ద కారణాలు. తెలుగు రాష్ట్రాల్లో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ దీనికి మరో చిక్కుముడి వేస్తోంది.

దవడ పళ్ల మధ్య ఎక్స్‌రేలో సన్నని నీడ కనిపిస్తే, ఒక క్లినిక్‌లో వెంటనే ఫిల్లింగ్ చేయించుకోవాలంటారు. మరో క్లినిక్‌లో అదే ఎక్స్‌రే చూసి ఫ్లోరైడ్ పూత వేసి, ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మంటారు. మొదటి వైద్యుడు డబ్బు కోసం చెప్పాడా, రెండో వైద్యుడు నిర్లక్ష్యం చేశాడా అన్న అనుమానం రోగికి రావడం సహజం. చాలా సందర్భాల్లో ఈ రెండూ నిజం కావు. పిప్పి అంటే ఏమిటి, దాన్ని ఎక్కడ ఆపాలి అన్న విషయంలో దంతవైద్యం గత నాలుగైదు దశాబ్దాల్లో తన అభిప్రాయాన్ని చాలావరకు మార్చుకుంది. ఆ మార్పు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చినంత త్వరగా వైద్యుల చేతికి రాలేదు. ఒకే పంటికి రెండు రకాల సలహాలు రావడానికి అసలు మూలం ఇక్కడ ఉంది.

పిప్పి రంధ్రంతో మొదలు కాదు

పంటి పైపొర ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. తీపి తిన్నప్పుడు పంటిపై పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారు చేస్తుంది. అక్కడి పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటకు వస్తాయి. తినడం ఆపాక లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేరుస్తుంది. ఫ్లోరైడ్ అందుబాటులో ఉంటే ఈ చేరిక వేగంగా జరగడమే కాక, కొత్తగా ఏర్పడిన ఖనిజం ఆమ్లానికి మరింత తట్టుకుంటుంది. ఈ పోవడం, రావడం రోజుకు ఎన్నోసార్లు జరుగుతూనే ఉంటుంది. పోయేది వచ్చేదాని కంటే నెలల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడే అది పిప్పిగా మారుతుంది.

కాబట్టి రంధ్రం అనేది జబ్బుకు చివరి దశల్లో ఒకటి. దానికి చాలా ముందే పంటిపై తెల్లమచ్చ వస్తుంది. ఆ మచ్చను పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పంటిని శుభ్రం చేసి, కుర్చీకి ఉన్న గాలి గొట్టంతో అయిదు సెకన్లు ఆరబెడితే చాలు. తడిగా ఉన్నప్పుడు కనిపించని మచ్చ ఆరబెట్టాక మాత్రమే కనిపిస్తే, ఖనిజ నష్టం ఎనామెల్ పైభాగానికే పరిమితమైందని అర్థం. తడి పంటిపైనే మచ్చ తెలుస్తోందంటే నష్టం ఇంకాస్త లోతుకు వెళ్లిందని భావిస్తారు. పిప్పిని 0 నుంచి 6 వరకు దశలుగా లెక్కించే ఐసీడాస్ పద్ధతిలో మొదటి రెండు మెట్లకు ఆధారం ఇదే. ఈ దశల్లో ఉపరితలం ఇంకా చెక్కుచెదరలేదు కాబట్టి పిప్పిని ఆపవచ్చు, కొంతవరకు వెనక్కి మళ్లించవచ్చు.

కనీస జోక్యంతో దంతవైద్యం అంటే ప్రధానంగా ఇదే. రోగికి పిప్పి వచ్చే ముప్పు ఎంతో అంచనా వేయడం, తొలి మచ్చలను ఫ్లోరైడ్‌తోనో పంటి గాడులను మూసే సీలెంట్‌తోనో ఆపడం, రంధ్రం పడితే పాడైన భాగానికే చికిత్సను పరిమితం చేయడం, పాత ఫిల్లింగ్‌లో అంచు చెడితే మొత్తం తీసేయకుండా ఆ అంచును మరమ్మతు చేయడం ఇందులోని భాగాలు. దీన్ని లేజర్ వైద్యమనో, నొప్పిలేని వైద్యమనో ప్రకటనల్లో చూపించడం వల్ల కొంత గందరగోళం ఏర్పడింది. లేజర్‌తోనూ అవసరానికి మించి చెక్కవచ్చు. పిప్పిని గీకే చేతి స్పూన్‌తోనూ పంటిని కాపాడవచ్చు. పనిముట్టును బట్టి కాక, ఎక్కడ ఆగాలో నిర్ణయించే తీరును బట్టే ఈ పద్ధతిని గుర్తించాలి.

ఎక్కువ చెక్కడం ఒకప్పుడు సరైన పనే

పాత పద్ధతిని అజ్ఞానంగా కొట్టిపారేస్తే ఈ చర్చ సగమే అర్థమవుతుంది. అమెరికన్ దంతవైద్యుడు గ్రీన్ వార్డిమన్ బ్లాక్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రూపొందించి, 1908లో వెలువడిన తన గ్రంథంలో స్థిరపరిచిన సూత్రాలే ఆ తర్వాత ఎన్నో తరాలకు పాఠమయ్యాయి. పిప్పి ఉన్న చోటే కాక, భవిష్యత్తులో పట్టే అవకాశమున్న గాడులన్నిటినీ కలుపుకొని చెక్కాలన్నది వాటిలో ముఖ్యమైనది. అప్పట్లో ఫ్లోరైడ్ పేస్ట్ లేదు. పిప్పి వేగంగా పాకేది. వెండి, పాదరసం కలిసిన అమాల్గమ్ పంటికి అతుక్కోదు; అది ఊడిపోకుండా లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా గుంట తీయాలి. పలుచగా ఉంటే పగులుతుంది కాబట్టి లోతు కూడా కావాలి. ఆ పదార్థంతో, ఆ కాలపు నోళ్లలో అది తర్కబద్ధమైన పద్ధతే.

తర్వాత పునాదులు ఒక్కొక్కటిగా మారాయి. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామెల్‌ను గరుకు చేసి రెసిన్‌ను (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) అతికించవచ్చని చూపారు. 1960ల ఆరంభంలో రఫాయెల్ బోవెన్ పంటి రంగు ఫిల్లింగ్ పదార్థమైన కాంపోజిట్‌కు దారితీసిన రెసిన్‌ను రూపొందించారు. 1970ల ఆరంభంలో లండన్‌లో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ రూపొందించిన గ్లాస్ అయానమర్ సిమెంట్ పంటికి రసాయనికంగా అతుక్కోవడమే కాక ఫ్లోరైడ్‌ను కూడా విడుదల చేస్తుంది. పదార్థం తనంత తానే అతుక్కుంటే, దాన్ని పట్టి ఉంచడానికి మంచి పంటిని చెక్కే అవసరం పోతుంది.

విచిత్రమేమిటంటే గాలి ఒత్తిడితో తిరిగే ఏరోటర్ హ్యాండ్‌పీస్ (వైద్యుడి చేతిలోని డ్రిల్) మార్కెట్లోకి వచ్చింది కూడా 1957లోనే. తక్కువ చెక్కితే చాలన్న అవగాహన, నిమిషానికి లక్షల చుట్లతో సులువుగా చెక్కే యంత్రం దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. క్లినిక్‌ల్లోకి ముందుగా వెళ్లింది యంత్రమే.

దాని ఫలితాన్ని బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ ఎల్డర్టన్ 1980లలో స్పష్టంగా వివరించారు. ఏ ఫిల్లింగూ శాశ్వతం కాదు. మార్చిన ప్రతిసారీ గుంట ఇంకొంచెం పెద్దదవుతుంది, మిగిలిన గోడలు పలుచబడతాయి. చిన్న ఫిల్లింగ్ పెద్దదవుతుంది, పెద్దది రూట్ కెనాల్‌కు, క్యాప్‌కు దారితీస్తుంది, చివరకు పన్ను పోతుంది. రెండు పళ్ల మధ్య చెక్కేటప్పుడు పక్క పంటికి గాటు పడటం కూడా తరచుగా జరిగేదే. పద్దెనిమిదేళ్ల వయసులో అవసరం లేని మొదటి ఫిల్లింగ్ ఖరీదు యాభై ఏళ్లు దాటాక తెలుస్తుంది. కనీస జోక్య పద్ధతిని సమర్థించేవారి వాదనకు ఇదే అసలు బలం.

సర్వేలు చెప్పేవి, చెప్పలేనివి

దంతవైద్యుల అవగాహన, వైఖరి, ఆచరణలపై ప్రశ్నపత్రాలతో చేసిన అధ్యయనాలు భారత్, సౌదీ అరేబియా, బ్రెజిల్, ఐరోపా దేశాల నుంచి అనేకం వెలువడ్డాయి. వాటిలో తరచూ కనిపించే చిత్రం ఒక్కటే: పద్ధతి గురించి విన్నవారు ఎక్కువ, మంచిదని ఒప్పుకునేవారు ఎక్కువ, రోజూ పాటించేవారు తక్కువ.

నికోలా ఇన్నెస్, ఫాల్క్ ష్వెండికె 2017లో 17 దేశాలకు చెందిన 30 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. పళ్ల మధ్య పిప్పి ఎనామెల్‌కే పరిమితమై ఉన్నా డ్రిల్ పడతామని 21 శాతం వైద్యులు చెప్పారు. పిప్పి ఎనామెల్, దాని కింది పొర డెంటిన్ కలిసే గీత వరకు వస్తే ఆ సంఖ్య 48 శాతానికి చేరింది. రోగికి పిప్పి ముప్పు ఎక్కువని చెబితే డ్రిల్ పట్టే అవకాశం దాదాపు రెట్టింపైంది. ఈ చివరి అంశం ఆలోచించదగినది. ముప్పు ఎక్కువ ఉన్న నోటిలో పిప్పికి కారణమైన పరిస్థితి మారనిదే ఫిల్లింగ్ అంచున మళ్లీ పిప్పి పట్టే అవకాశమూ ఎక్కువే. అలాంటి రోగికి ముందు కావలసింది ఆ పరిస్థితిని మార్చే ప్రయత్నం. వైద్యుల సహజ స్పందన మాత్రం చెక్కడం వైపే మొగ్గింది.

ఈ సర్వేలను చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. ప్రశ్నపత్రం నింపి పంపేవారిలో విషయం మీద ఆసక్తి ఉన్నవారే ఎక్కువ ఉంటారు. కాలేజీల్లో పనిచేసేవారిని చేరుకోవడం సులువు. మండల కేంద్రంలో ఒక్కరే క్లినిక్ నడిపే బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) వైద్యుడు సర్వేకు దొరకడం కష్టం. “నివారణ ముఖ్యమని మీరు అంగీకరిస్తారా” అని అడిగితే కాదనేవారు ఉండరు. దీనికంటే ఎక్స్‌రే, పంటి ఫొటో చూపించి ఏం చేస్తారని అడిగే అధ్యయనాలు నయం. అవి కూడా మాటనే కొలుస్తాయి, చేతను కాదు. అసలు ఆచరణ సర్వేలు చూపిన దానికంటే మరింత వెనకబడి ఉండవచ్చన్న అనుమానానికి ఇక్కడ ఆస్కారం ఉంది.

వైఖరి మారదనుకోవడం మాత్రం సరికాదు. నార్వేలో దంతవైద్యులను ఇదే విషయమై 1983, 1995, 2009లలో అడిగారు. ఎనామెల్ దాటని పళ్ల మధ్య పిప్పికి ఫిల్లింగ్ చేస్తామన్నవారు 66 శాతం నుంచి 18 శాతానికి, ఆపై 7 శాతానికి తగ్గారు. పిల్లలకు జీతం మీద పనిచేసే ప్రభుత్వ దంతవైద్యులు చికిత్స చేయడం, దేశంలో పిప్పి తగ్గుముఖం పట్టడం ఈ మార్పుకు అనుకూలించిన పరిస్థితులు. అక్కడ కూడా ఈ మార్పుకు పాతికేళ్లు పట్టింది.

కాలేజీలో చేతికి అలవాటయ్యేది

బీడీఎస్ విద్యార్థి రోగి నోట్లోకి వెళ్లకముందే ప్లాస్టర్ నమూనాలపై, ఆ తర్వాత ఫాంటమ్ హెడ్ అనే కృత్రిమ తలలోని పళ్లపై గుంటలు తీయడం నేర్చుకుంటాడు. లోతు ఎంత, గోడల వాలు ఎంత, అడుగు చదునుగా ఉందా లేదా అని అధ్యాపకులు చూస్తారు. ఈ గుంటలకు పేర్లు, వర్గాలు బ్లాక్ పెట్టినవే. క్లినికల్ సంవత్సరాల్లో ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని తీసివేతలు పూర్తి చేయాలన్న కోటా ఉంటుంది. ప్రాక్టికల్ పరీక్షలో క్లాస్ టూ గుంట (దవడ పళ్ల మధ్య భాగాన్ని కలుపుకొనేది) తీసి అమాల్గమ్ నింపడం దేశంలో ఎన్నో బ్యాచ్‌లకు ప్రధాన పరీక్షగా ఉంటూ వచ్చింది.

ఈ ఏర్పాటులో తెల్లమచ్చకు మార్కులు లేవు. ఒక రోగిని మూడుసార్లు పిలిపించి, మచ్చ ఆగిందని నిరూపించిన విద్యార్థి కోటాలో ఏ గడీ నిండదు. దానికి తోడు, పాఠం రెండు విభాగాల మధ్య చీలిపోయింది. ఫ్లోరైడ్, ముప్పు అంచనా, ఆహారపు అలవాట్లు పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో, పిల్లల దంతవైద్యంలో చెబుతారు. గుంట తీయడం, నింపడం కన్జర్వేటివ్ విభాగంలో నేర్పుతారు. ఒకే జబ్బుకు సంబంధించిన రెండు సగాలు ఒకే రోగి దగ్గర కలవడం అరుదు. సర్వేల్లో ఎండీఎస్ చేసినవారికి అవగాహన ఎక్కువగా కనిపించడానికి ఈ చీలిక ఒక కారణం కావచ్చు, ఎందుకంటే కొత్త మార్గదర్శకాలను లోతుగా చదివే అవకాశం పీజీలోనే వస్తుంది. కానీ దేశంలోని పిప్పిపళ్లలో ఎక్కువ భాగాన్ని చూసేది బీడీఎస్ వైద్యులే.

ఆగినందుకు ఫీజు లేదు

దేశంలో దంతవైద్యం ప్రధానంగా ప్రైవేటు క్లినిక్‌లలోనే, రోగి జేబు నుంచే నడుస్తోంది. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఫిల్లింగ్‌ను, రూట్ కెనాల్‌ను కవర్ చేయవు. ఫీజు చేసిన పనికే వస్తుంది. ఫిల్లింగ్‌కు ఒక రేటు, రూట్ కెనాల్‌కు ఒక రేటు, క్యాప్‌కు ఒక రేటు ఉంటాయి. పంటిని ఆరబెట్టి చూడటానికి, పాత ఎక్స్‌రేతో కొత్తది పోల్చడానికి, పిల్లాడు పాలసీసాతో నిద్రపోతున్నాడా అని తల్లిని అడిగి నచ్చజెప్పడానికి పట్టే ఇరవై నిమిషాలకు రేట్ల పట్టికలో చోటు లేదు. అద్దె, కుర్చీ మీద ఈఎంఐ, సిబ్బంది జీతాలు మాత్రం ఆ ఇరవై నిమిషాలకూ పడతాయి.

దీన్ని వైద్యుల దురాశగా చూడటం తేలిక, కానీ అది చాలావరకు తప్పు. 300కు పైగా డెంటల్ కాలేజీల నుంచి ఏటా వేల మంది పట్టభద్రులు వస్తూ, నగరాల్లో ఒకే వీధిలో నాలుగైదు క్లినిక్‌లు ఉన్నచోట, రోగిని ఏమీ చేయకుండా పంపించడం అంటే పక్క క్లినిక్‌కు పంపించడమే. రోగి వైపు నుంచి కూడా ఒత్తిడి ఉంటుంది. బస్సు ఎక్కి, ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చినవారు “ఏదో ఒకటి చేసి పంపండి” అంటారు. నొప్పి వచ్చేదాకా రాకపోవడం మన దగ్గర సాధారణం కాబట్టి, వైద్యుడు చూసే పళ్లలో తొలి మచ్చ దశ దాటినవే ఎక్కువ. ఆరు నెలలకు రమ్మంటే మూడేళ్లకు వచ్చే రోగి విషయంలో, ఇప్పుడే ఫిల్లింగ్ చేయడం మేలని వైద్యుడు అనుకోవడంలో కొంత న్యాయం ఉంది. మళ్లీ వస్తాడన్న నమ్మకం ఉన్నచోటే ఆగి చూసే పద్ధతి పనిచేస్తుంది. ఈ మాట సర్వే నివేదికల్లో “రోగి సహకారం లేకపోవడం” అన్న ఒక్క గడిలో కుదించుకుపోతోంది.

పిప్పిని లోపల వదిలేయడం: అసలు అభ్యంతరం

తొలి మచ్చల విషయంలో ఒప్పుకున్న వైద్యులు కూడా లోతైన పిప్పి దగ్గర వెనక్కి తగ్గుతారు. మెత్తబడిన భాగాన్నంతా తీసి, ఎక్స్‌ప్లోరర్ అనే సూదిలాంటి పనిముట్టు మొనతో గీస్తే గట్టి డెంటిన్ కీచుమనేదాకా శుభ్రం చేయాలన్నది తరతరాలుగా నేర్పిన పాఠం. ఆ శబ్దం వినిపించనిదే పని పూర్తి కాలేదని చేయికి అలవాటైంది. పిప్పి లోతుగా ఉన్నప్పుడు ఆ శబ్దం కోసం వెళ్తే మధ్యలో పంటి నాడి బయటపడుతుంది, ఫిల్లింగ్‌తో పోవాల్సింది రూట్ కెనాల్ అవుతుంది.

2015లో బెల్జియంలోని లూవెన్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం మరుసటి ఏడాది ప్రచురించిన సిఫార్సులు దీనికి భిన్నమైనవి. నాడి ఆరోగ్యంగా ఉండి, పిప్పి లోతుగా ఉంటే, గుంట చుట్టూ అంచులను గట్టి డెంటిన్ వచ్చేదాకా శుభ్రం చేయాలి. నాడి మీద మాత్రం మెత్తటి పొరను అలాగే ఉంచి, అదే రోజు గట్టిగా మూసేయాలి. అంచు శుభ్రంగా ఉంటేనే సిమెంట్ బాగా అతుకుతుంది. బాగా అతికితే లోపలి బ్యాక్టీరియాకు చక్కెర అందదు. కుంపటి మీద మూత బిగించినట్టు, పిప్పి అక్కడితో ఆరిపోతుంది. అమెరికాలో మెర్ట్జ్-ఫెయిర్‌హర్స్ట్ బృందం 1998లో ప్రచురించిన పదేళ్ల అధ్యయనంలో, పిప్పిని తీయకుండానే పైన కాంపోజిట్‌తో మూసేసిన పళ్లలో అది ముందుకు సాగలేదని తేలింది.

ఆధారాలు ఇలా ఉన్నా, లోతైన పిప్పిలో ఏ కొంత భాగాన్నీ వదిలేందుకు ఒప్పుకోనివారు వివిధ దేశాల సర్వేలను కలిపి చూసినప్పుడు సగానికి పైగా తేలారు. దీనికి బలమైన కారణం ఒకటుంది. అలా మూసిన పంటికి ఎక్స్‌రే తీస్తే ఫిల్లింగ్ కింద నల్లటి నీడ కనిపిస్తుంది. ఊరు మారిన రోగి మరో క్లినిక్‌కు వెళ్తే, “లోపల పిప్పి అలాగే వదిలేశారే” అన్న మాట వినే ప్రమాదం ఉంది. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వచ్చిన మన దేశంలో, ఇది ఊహాజనిత భయం కాదు. పిప్పిని ఎందుకు వదిలారో కేస్ షీట్‌లో రాసి, రోగికి చెప్పి, ఆ కాపీ చేతికిచ్చే అలవాటు ఉన్న క్లినిక్‌లలో ఈ భయం తగ్గుతుంది. కానీ ఒక్కరు మారితే చాలదు. తర్వాత చూసే వైద్యుడికి కూడా ఆ నీడ అర్థం తెలిసి ఉండాలి. ఒక వైద్యుడి ఆచరణ పక్క వైద్యుడి అవగాహన మీద ఆధారపడటం ఈ విషయంలోని ప్రత్యేకమైన చిక్కు.

నల్లమచ్చ, పేదల వైద్యమన్న ముద్ర

38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని చిన్న బ్రష్‌తో పిప్పిపై అద్దితే, సూది, డ్రిల్ లేకుండా చాలా పిప్పులు గట్టిపడి ఆగిపోతాయి. అయితే ఆ భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఫ్లోరైడ్ పేస్ట్, గ్లాస్ అయానమర్‌లతో పాటు దీన్నీ చేర్చింది. వెనక దవడ పాలపళ్లకు తల్లిదండ్రులు ఒప్పుకున్నా, ముందు పళ్లకు వెనకాడతారు. వైద్యుడు ముందుగానే ఫొటో చూపి చెప్పకపోతే, పిల్లాడి పన్ను పాడుచేశారన్న గొడవ వస్తుంది. ఆ గొడవ ఎందుకని మందు తెప్పించని క్లినిక్‌లూ ఉన్నాయి.

ఏఆర్‌టీగా (అట్రామాటిక్ రెస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) పిలిచే మరో పద్ధతి 1980ల మధ్యలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. కరెంటు, కుర్చీ, ఏరోటర్ లేని చోట స్పూన్ ఎక్స్‌కవేటర్‌తో మెత్తటి పిప్పిని గీకి, గ్లాస్ అయానమర్‌ను వేలితో నొక్కి నింపుతారు. 1994 ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి నోటి ఆరోగ్యమే ఇతివృత్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే ఈ పద్ధతిని ప్రోత్సహించింది. అయితే అది పుట్టిన చోటును బట్టి శిబిరాల్లో చేసే తాత్కాలిక వైద్యమన్న ముద్ర పడింది. పంటి ఒకే పక్కన ఉన్న గుంటల్లో దీని ఫలితాలు బాగున్నాయి. రెండు, మూడు పక్కలకు పాకిన గుంటల్లో అంత మన్నిక లేదు. కొవిడ్ సమయంలో, 2020 ఆగస్టులో, తుంపరలు లేవవన్న కారణంగా చేతి పనిముట్లతో చేసే కనీస జోక్య పద్ధతులకు ప్రాధాన్యమివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినప్పుడు, కార్పొరేట్ క్లినిక్‌లు సైతం ఈ స్పూన్ వైపు చూడాల్సి వచ్చింది.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో అదనపు చిక్కు

ఫ్లోరైడ్ మీద నిలబడిన వైద్యాన్ని ఫ్లోరైడ్ వల్లే నష్టపోయిన ప్రాంతంలో వివరించడం తేలిక కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి 1937లో షార్ట్ బృందం ఫ్లోరోసిస్‌ను నివేదించింది. నల్లగొండ పేరైతే ఈ జబ్బుకు పర్యాయపదంలా మారింది. ఇలాంటి చోట ఫ్లోరైడ్ పూత అనగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. కొందరు వైద్యులూ తటపటాయిస్తారు.

ఇక్కడ రెండు విషయాలు కలగలిసిపోతున్నాయి. పళ్లపై ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, నీటితో రోజూ కడుపులోకి వెళ్లే ఫ్లోరైడ్ వల్ల వస్తాయి. ఏడాదికి రెండు, మూడుసార్లు పంటి పైన వేసే ఫ్లోరైడ్ పూత (వార్నిష్) పంటి ఉపరితలంపై పనిచేస్తుంది. మోతాదు కొద్ది చుక్కలే. అయినా తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటుతున్న గ్రామంలో చిన్నపిల్లల పేస్ట్ బియ్యపు గింజంతే ఉండాలనీ, మింగకుండా చూడాలనీ చెప్పడం అవసరం. పిప్పి ముప్పును అంచనా వేసేటప్పుడు నీటి వనరు గురించి అడగడం ఈ జిల్లాల్లో తప్పనిసరి. విదేశీ మార్గదర్శకాలను యథాతథంగా దించుకుంటే ఈ ప్రశ్నే తప్పిపోతుంది.

గుర్తింపు కూడా కష్టమే. ఫ్లోరోసిస్ మచ్చలు సాధారణంగా కుడి, ఎడమ జత పళ్లపై ఒకేలా, అడ్డగీతలుగానో మబ్బులా పరుచుకునో ఉంటాయి. తొలి పిప్పి మచ్చ చిగురు అంచున, పాచి నిలిచే చోట, సుద్దలా గరుకుగా ఉంటుంది. రెండూ ఒకే పంటిపై ఉన్నప్పుడు అనుభవం ఉన్న కన్ను కూడా పొరపడవచ్చు. తీవ్రమైన ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్‌పై దాన్ని గరుకు చేసే ఆమ్లం సరిగా పనిచేయక సీలెంట్, కాంపోజిట్ అతుకు బలహీనపడుతుంది. మరోవైపు ఈ పద్ధతి ఎక్కువ మేలు చేయగలిగేది కూడా ఈ ప్రాంతంలోనే. పెళ్లి సంబంధాల వేళ గోధుమ రంగు ముందు పళ్లకు క్యాప్‌లు వేయించుకునే యువతీయువకులు ఆరోగ్యకరమైన పంటిని చుట్టూ అరగదీయించుకుంటున్నారు. తేలికపాటి, మధ్యస్థ మచ్చలకు ముందు మైక్రోఅబ్రేషన్ (పైపొరను కొద్దిగా రుద్ది తీయడం), బ్లీచింగ్, రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ (మచ్చలోకి పలుచని రెసిన్‌ను ఇంకించడం) ప్రయత్నించవచ్చు. పైపొరలో వెంట్రుకవాసి పోతుందే తప్ప పన్ను మిగులుతుంది. ఫలితం చాలనప్పుడు క్యాప్ ఎలాగూ ఉంటుంది. క్యాప్ కోసం అరగదీశాక వెనక్కి రావడం మాత్రం కుదరదు.

ఆధారాలన్నీ ఒకే దిక్కున లేవు

ఈ పద్ధతిపై సందేహాలున్న వైద్యులందరినీ వెనకబడినవారిగా చూడటం న్యాయం కాదు. బ్రిటన్‌లో పాలపళ్ల పిప్పి ఉన్న 1,144 మంది పిల్లలపై జరిగిన ఫిక్షన్ అనే పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. మామూలు ఫిల్లింగులు, పిప్పిని లోపలే మూసేయడం, కేవలం నివారణ అనే మూడు మార్గాలను పోల్చితే, నొప్పి లేదా ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడు వర్గాల్లోనూ ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఇద్దరికి సమస్య వచ్చింది. దీన్ని ఒకరు తక్కువ చెక్కినా నష్టం లేదనడానికి ఆధారంగా, మరొకరు తక్కువ చెక్కితే అదనపు లాభం లేదనడానికి ఆధారంగా వాడుకోవచ్చు. పిప్పి ఒకసారి ముదిరాక ఏ పద్ధతీ అద్భుతాలు చేయదన్నది దానినుంచి కచ్చితంగా తీసుకోగలిగిన విషయం. రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఖరీదు, ఉపరితలం చెదిరిందో లేదో పళ్ల సందుల్లో తేల్చడంలోని ఇబ్బంది కూడా ఇంకా తీరని సమస్యలే.

మార్పు ఎటు నుంచి రావచ్చు

పదార్థం వైపు నుంచి ఒత్తిడి ఇప్పటికే మొదలైంది. పాదరసంపై 2013 నాటి మినమాటా ఒప్పందం అమాల్గమ్ వాడకాన్ని తగ్గించాలని కోరింది; భారత్ 2018లో దాన్ని ధ్రువీకరించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాల్లో తప్ప అమాల్గమ్‌ను నిషేధించింది. అమాల్గమ్ తగ్గే కొద్దీ దానికోసం పుట్టిన గుంట ఆకారాలకూ కాలం చెల్లుతుంది. అయితే పాత ఆకారంలోనే గుంట తీసి కాంపోజిట్ నింపితే పదార్థం మారుతుందే గానీ పద్ధతి మారదు. ఈ ధోరణి ఇప్పటికే చాలా క్లినిక్‌ల్లో ఉంది.

శిక్షణ వైపు, 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళికను, పరీక్షను కొత్తగా రాసే అవకాశం దీనితో వచ్చింది. ఫిల్లింగుల కోటా పక్కనే ముప్పు అంచనా, మచ్చల పర్యవేక్షణ కేసులకు మార్కులు కేటాయిస్తే, ఉపన్యాసాలు చేయలేని పని ఆ మార్కులు చేస్తాయి. ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్నవారికి ఒక రోజు సెమినార్ సర్టిఫికెట్ కంటే, లోతైన పిప్పిలో ఎక్కడ ఆగాలో పక్కన నిలబడి చూపించే చేతి శిక్షణ అవసరం. సర్వేల్లో తేలినట్టు వారికి కొరత సమాచారంలో కంటే ధైర్యంలో ఎక్కువ.

ఫీజుల విషయం అంత త్వరగా మారదు. అందువల్ల తొలి మార్పును జీతం మీద పనిచేసే చోట, అంటే ఏరియా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో, పాఠశాల ఆరోగ్య కార్యక్రమాల్లో ఆశించడం సహేతుకం. 2002-03 జాతీయ సర్వేలోనే 12 ఏళ్ల పిల్లల్లో సగానికి పైగా పిప్పిపళ్లతో ఉన్నట్టు తేలింది. వారిలో చాలామంది చదివే ప్రభుత్వ పాఠశాలకు దంతవైద్యుడు ఒక స్పూన్ ఎక్స్‌కవేటర్, గ్లాస్ అయానమర్ పొడి, ద్రవం, ఒక సీసా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, తలకు కట్టుకునే లైటు తీసుకెళితే, తరగతి గదిలో రెండు బల్లలు కలిపి పిల్లలను పడుకోబెట్టి అక్కడే పని ముగించవచ్చు.